వీసా కౌంటర్ దగ్గర బేరం

ఆరు యూరప్ దేశాలు చుట్టి రావాలని మూడేళ్లు కూడబెట్టి, వీసా కోసం విశాఖలో హైదరాబాద్ రైలెక్కాను. ఎదుటి బెర్తులో కూర్మన్నపాలెం ఆయన, ఓడల్లో వంట చేసేవాడట, నా కాగితాలు అడిగి తీసుకుని చూశాడు.

"ఏటి బావా, టికెట్లు నెల్రోజులకి తీసి, ఫారంలో అరవై రోజులని రాసేవేటి?"

"అరవై అడిగితేనే కదా బావా, కోసీ కోసీ ముప్పైకి వత్తారు."

బట్టల కొట్టులో పెరిగినవాణ్ణి. అసలు మాట ముందే చెప్పడం మా ఇంటావంటా లేదు.

ఆయన నవ్వలేదు. "ఆళ్లు బేరమాడరు బావా. కాయితాలు ఒకదానికొకటి కలవకపోతే పొమ్మంటారు. నానూ ఓపాలి ఇలాగే రాసి ఓడలో పని పోగొట్టుకున్నాను."

రైలు దిగగానే నెట్ సెంటర్‌కి వెళ్లి ఫారం మళ్లీ నింపాను. ముప్పై అని కొట్టబోతుంటే వేలు నలభై ఐదు వైపు లాగింది. మూడేళ్ల కష్టం గుర్తు చేసుకుని ముప్పై దగ్గరే ఆగాను.

కౌంటర్లో అమ్మాయి ఫారం చూసి, "ముప్పై రోజులేనా సార్?" అంది.

అచ్చం బేరానికి పిలిచినట్టే వినిపించింది. నా జన్మలో ఏ కౌంటర్ ముందూ అనని మాట అన్నాను.

"చాలమ్మా."