అక్కుపల్లి ఇసుకలో అల్జీరియా చొక్కాలు

అల్జీరియా ఫుట్‌బాల్ జట్టు చరిత్ర అంటే నాకు పిచ్చి. ఇంట్లో చెబితే వినేవాళ్లు లేక ఈ బ్లాగులో రాస్తుంటాను. కిందటి నెల ఒక పాఠకుడు కామెంట్ పెట్టాడు. వాళ్ల మావ సామ్యేలు అల్జీరియాలో వెల్డింగు పని చేసి వచ్చి, అక్కుపల్లిలో ఆ దేశం ఆకుపచ్చ చొక్కాలతో ఒక జట్టు పెట్టాడట. ఫలానా శనివారం పలాస జట్టుతో మ్యాచ్ ఉంది, వీలుంటే రమ్మన్నాడు. ఇలాంటి కబురు విన్నాక ఆగడం నావల్ల కాదు. ఆ శనివారం పొద్దున్నే విశాఖలో రైలెక్కేశాను.

పలాసలో దిగి, ఇడ్లీ తిని, కాశీబుగ్గలో షేర్ ఆటో పట్టుకున్నాను. వజ్రపుకొత్తూరు మీదుగా దాదాపు గంట ప్రయాణం, యాభై రూపాయలు. బండి నిండితే గానీ కదలదు, తొందరపడి లాభం లేదు. జీడితోటలు దాటి కొబ్బరితోటల్లోకి వచ్చాక డ్రైవరుని మ్యాచ్ గురించి అడిగాను.

"సామేలు మావ టీమా? ఇయ్యాల సూడాల మేడమ్. మా తవిటేసు మా మీదే ఆడతన్నాడు."

"అదేంటి?"

"పలాసోళ్లు బూట్లిచ్చారు, జీడి ఫేక్టరీలో పనిచ్చారు. వచ్చే శనివారం టెక్కలిలో జిల్లా సెలక్షనుకి పంపుతామన్నారు. ఎలిపోనాడు. మా టీములో ఇప్పుడు పదిమందే."

సామ్యేలు యాభై దాటిన మనిషి. బాప్టిస్టు సంఘంలో పెద్ద కాబట్టి ఆదివారం ఆట ఒప్పుకోడు, మ్యాచులన్నీ శనివారాలే. వాళ్లింటికి వెళ్లగానే ఆయన భార్య చేపల పులుసుతో అన్నం పెట్టింది. తింటూనే నాకూ సామ్యేలుకీ గొడవ మొదలైంది.

"ఎనభై రెండు వరల్డ్ కప్పులో జర్మనీని మూడు గోల్సేసి కొట్టీసారు" అన్నాడు.

"రెండు. రెండు ఒకటితో గెలిచారు."

"అక్కడ మా కేంపులో మూడే అనీవోరు."

"మీ క్యాంపు తప్పు."

ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. కానీ అసలు కథ దగ్గర మాకు పేచీ రాలేదు. 1958లో అల్జీరియా ఇంకా ఫ్రాన్సు చేతిలోనే ఉంది. ఫ్రెంచి క్లబ్బుల్లో మంచి జీతాలతో ఆడుతున్న కొందరు అల్జీరియా ఆటగాళ్లు సీజను మధ్యలో, రహస్యంగా, సరిహద్దులు దాటి ట్యునీషియా చేరారు. వాళ్లలో ఆ ఏడాది ఫ్రాన్సు తరఫున ప్రపంచ కప్పు ఆడబోతున్నవాళ్లూ ఉన్నారు. పుట్టని దేశం కోసం జట్టు కట్టారు. ప్రపంచ ఫుట్‌బాల్ పెద్దలు ఆ జట్టును గుర్తించేది లేదన్నారు. అయినా దేశదేశాలు తిరిగి ఆడారు. నాలుగేళ్లకు దేశం వచ్చింది.

"ఈ కథ తవిటేసుకి ఎన్నిసార్లు సెప్పానో. ఆడు ఇంటాడు, అన్నం తింటాడు, పలాస బస్సెక్కీతాడు" అన్నాడు సామ్యేలు.

నాలుగున్నరకి ఒడ్డునే ఆట మొదలైంది. ఊరివాళ్లవి ఆకుపచ్చ చొక్కాలు, ఉత్త కాళ్లు. పలాసవాళ్లవి పసుపు చొక్కాలు, బూట్లు. పసుపు చొక్కాలో తవిటేసు, ఇరవై రెండేళ్ల సన్నటి కుర్రాడు, చెప్పుకోదగ్గ ఆటగాడే. పదిమందే అయినా ఊరి జట్టు మొండిగా నిలబడింది. రెండో సగంలో నీళ్ల దగ్గరనుంచి ఒక్కసారిగా కేకలు. పడవలో తీసుకెళ్లి దింపిన అలివి వలను రెండు చివర్ల తాళ్లతో ఒడ్డుకి లాగుతున్నారు. నీటి వాలు మారి వల పక్కకి కొట్టుకుపోతోంది. అలా పిలుపొస్తే ఇక్కడ ఎవరూ ఏ పని మీదా ఉండరు. ఆకుపచ్చ చొక్కాలన్నీ తాడు దగ్గరికి పరుగెత్తాయి. గోల్‌కీపర్ కూడా!

బంతి తవిటేసు కాళ్ల దగ్గరుంది. ఎదురుగా ఖాళీ గోలు. "కొట్టరా!" అని పలాస మేనేజరు అరిచాడు. తవిటేసు బంతిని అక్కడే వదిలేసి తాడు వైపు పరుగెత్తాడు. వెనకాల ఇంకో పసుపు చొక్కావాడు వచ్చి బంతిని తాపీగా గోల్లోకి తన్నాడు.

నేనూ వెళ్లి తాడు పట్టుకున్నాను. అరచేతులు మండిపోయాయి. వల ఒడ్డెక్కాక మేనేజరు గోలు గోలేనన్నాడు, రెఫరీ ఈల ఊదలేదు కాబట్టి ఆట ఆగలేదన్నాడు. సామ్యేలు వాదించాడు, నేనూ నోరు చేసుకున్నాను. మేనేజరు వినలేదు. తవిటేసు బూట్లు విప్పి, వాటి మీద పసుపు చొక్కా మడత పెట్టి, ఆయన ముందు పెట్టాడు.

"సెలక్షను సంగతి మర్చిపో. పన్లోకి కూడా రాకు" అన్నాడు మేనేజరు.

"అలాగే సార్" అని పదకొండో ఆకుపచ్చ చొక్కా తొడుక్కున్నాడు.

ఇంకో పావుగంట ప్రాణం పెట్టి ఆడారు. ఒకసారి తవిటేసు కొట్టిన బంతి గోలు కర్రకి తగిలి బయటికి పోయింది. ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయారు. నాకు కోపం ఆగలేదు. "ఏం బాగుపడ్డావయ్యా? ఉన్న పనీ పోయింది!" అన్నాను. అతని కళ్లలో నీళ్లున్నాయి.

"పోనాది మేడమ్. మా అయ్య ఆ తాడు లాగుతుంటే నాను గోలు కొట్టీసి ఇంటికెల్లి ఏ మొకంతో తింతాను?"

సామ్యేలు అతని భుజం మీద చెయ్యేశాడు. "పదకొండుమందిమీ టెక్కలి ఎల్తాం. బూట్లు లేవంటే ఉత్త కాళ్లతో ఆడతాం. పొమ్మంటే గేటు కాడే ఆడతాం."

తిరుగు రైల్లో చాలాసేపు ఆలోచించాను. ఫ్రాన్సు వదిలేసి వెళ్లినవాళ్ల గురించి ఇన్నేళ్లూ చప్పట్లు కొడుతూ రాశాను. చివరికి దేశం వస్తుందని నాకు ముందే తెలుసు కదా, అందుకే అంత ధైర్యంగా చప్పట్లు కొట్టాను. బయల్దేరిన రాత్రి వాళ్లకి ఆ సంగతి తెలియదు. తవిటేసుకీ రేపేమవుతుందో తెలియదు. వచ్చే శనివారం నేను టెక్కలిలో ఉంటాను.

వెళ్లేవాళ్లకి ఒక మాట: ఒడ్డున వల లాగుతూ ఎవరైనా పిలిస్తే ఫోను లోపల పెట్టి వెళ్లండి. తాడు పట్టిన ప్రతివాళ్లకీ చేపల్లో వాటా ఉంటుంది, నాకూ ఇచ్చారు. కానీ పట్టుకునే ముందే ఆలోచించుకోండి, వల ఒడ్డెక్కేదాకా వదలకూడదు.