హవల్దార్ గారి గాలం కర్ర

మా అమ్మాయి గోళ్ళకు రంగు వేసుకుంటుంటే ఆ ఘాటు వాసన వంటింటిదాకా వచ్చింది. ఆ వాసనకి ఎవరికైనా పెళ్ళిళ్ళో, ఆడపిల్లల సందడో గుర్తుకు రావాలి. నాకు మాత్రం బుర్రమీసాల రిటైర్డ్ హవల్దారు ఒకాయన గుర్తుకొస్తారు. సౌదీలో ఖమీస్ ముషైత్ ఊరి చివర మా కంపెనీ క్యాంపులో ఇనప మంచం అంచున కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, చేప పురుగనుకునేలా చిన్న గాలానికి కోడి ఈకని ఈగలా కట్టి, ఆ ముడి మీద అగ్గిపుల్లతో ఒక్క చుక్క గోళ్ళ రంగు పెట్టేవారు. ముడి ఊడకుండా ఉండడానికి అది. ఆ సీసా కోసం ఆయన ఆడవాళ్ళ సామాన్ల కొట్టుకి వెళ్తే, కొట్టువాడు పాతిక రంగులు ముందు పెట్టాడట. "ఏ రంగూ లేంది ఇయ్యి" అన్నారట ఈయన. వాడు ఈయన్ని ఎగాదిగా చూశాడట. ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా క్యాంపంతా నవ్వేది.

పేరు మస్తాన్ వలీ. కడప జిల్లా మనిషి. సైన్యంలో మెకానిక్‌గా చాలా ఏళ్ళు కాశ్మీరులో ఉండి, పింఛను వచ్చాక సౌదీ చేరి, మా జనరేటర్ల వర్క్‌షాపుకి ఫోర్‌మన్ అయ్యారు. అందరూ హవల్దార్ సాబ్ అనేవారు, తెలుగువాళ్ళం హవల్దార్ గారు అనేవాళ్ళం. నేను ఆయన కింద ఎలక్ట్రీషియన్ని. రెండు వేల మూడు, నాలుగు ప్రాంతాల మాట ఇది. సౌదీ అంటే ఇసుక తప్ప మరోటి లేదనుకునేవాళ్ళకి అసీర్ కొండల గురించి చెప్తే నమ్మరు. అక్కడ మంచు మబ్బులు రోడ్డుకి అడ్డంగా నిలబడతాయి, వాన కురిస్తే లోయల్లో వాగులు పారతాయి. వాటిని వాదీలంటారు. ఆ వాదీల గుండాల్లో జానెడు పొడుగు వెండిచేపలు ఉంటాయని కనిపెట్టి, వాటిని కాశ్మీరు పద్ధతిలో ఈక ఈగలతో పట్టిన మనిషి, నాకు తెలిసి, ఆయనొక్కరే.

మాది భీమవరం పక్క ఊరు. చేపల చెరువుల మధ్య పుట్టాను. చేపంటే మాకు టన్నుల లెక్క, మేత బస్తాల లెక్క. చేప గురించి నాకొకరు నేర్పేదేమిటన్న పొగరు నాకు బాగానే ఉండేది. ఆ మాటే అంటే ఆయన, "మీవి చేపలేందిరా? నీళ్ళలో పెంచే కోళ్ళు గదరా అవి" అన్నారు. ఒక శుక్రవారం సెలవు రోజు కంపెనీ పికప్‌లో నన్నూ వెంటబెట్టుకుని కొండల్లోకి తీసుకెళ్ళారు. కర్ర నా చేతికిచ్చారు. నేను విసురువల విసిరినట్టు ఒళ్ళంతా తిప్పి విసిరాను. దారం ఫెళ్ళున నీళ్ళమీద పడింది. గుండంలో ఉన్న చేపలన్నీ మాయం.

"నీళ్ళను కొట్టాకురా ప్రసాదూ. అవేం జేసినాయి నిన్ను?" అన్నారు. "దారం వెనక్కి పోతాది. పూర్తిగా చాచుకునేదాంక ఆగల్ల. ఆమీదట ముందుకి పంపు. ఆగేదే పని. ఇసిరేది పని గాదు."

అలా ఆగడం రావడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. పట్టిన చేపని వదిలేయడం మాత్రం చాలాకాలం మింగుడు పడలేదు. గాలానికి లోపలి ముల్లు ఉంటుంది కదా, దాన్ని ఆయన పట్టకారుతో నొక్కేసేవారు. చేప నోట్లోంచి గాలం సులువుగా రావాలని. "తినేదానికి మెస్సులో కోడి ఉండాది గదా" అనేవారు. మా ఊళ్ళో ఈ సంగతి చెబితే నాకు మతిపోయిందనుకుంటారు.

కాశ్మీరులో రసూల్ చాచా అని ఒక నది కాపలాదారు ఆయనకి ఈ విద్య నేర్పాడు. ఆ చాచా ఇచ్చిన వెదురు కర్రే ఆయన దుప్పట్లో చుట్టి సౌదీదాకా తెచ్చుకున్నారు. వాదీ ఒడ్డున కూర్చుంటే ట్రౌట్ చేప కథలే. మంచు కరిగే వేళ నది బురదగా పారుతుందని, అప్పుడు ట్రౌట్ ఒడ్డు రాళ్ళ చాటున నక్కి ఉంటుందని, ఎండాకాలం సాయంత్రాలు రెక్కల పురుగులు నీటిమీద వాలగానే పైకి లేస్తుందని, ఆకులు రాలే కాలంలో నీళ్ళు అద్దంలా తేటపడితే మనిషి నీడకే పారిపోతుందని చెప్పేవారు. అసీర్ కాలాలను కూడా ఆయన ఆ లెక్కలోనే చూసేవారు. చలికాలం మంచులో చేపలు అడుగున కదలకుండా పడుంటే ఈకలు కట్టుకుంటూ గదిలోనే ఉండేవాళ్ళం. వసంతపు వానలకి వాగులు పారితే నల్ల ఈకల ఈగ. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు వినిపిస్తే, వరద ముంచుకొస్తుందని చేప దొరికేలా ఉన్నా సరే కర్ర సర్దుకుని గట్టెక్కేవాళ్ళం. వానలు వెనకబట్టి గుండాలు కుంచించుకుపోయే రోజులే ఆయనకి పండగ. చేప తెలివి, మనిషి తెలివి సమానంగా ఉండేది అప్పుడేనట.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. గుండం దగ్గరికి చేరగానే ఎవరూ కర్ర ముట్టకూడదు. పది నిమిషాలు కూర్చుని నీళ్ళు చూడాలి. నురగ ఎటు పోతోంది, నీడ ఎక్కడ పడుతోంది, పురుగు ఎక్కడ వాలుతోంది. తర్వాత ఆయన అడిగేవారు, "యాడుండాది?" చేప ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. తప్పైనా ఫరవాలేదు, చెప్పినవాడికే కర్ర ముందు. నోరు మూసుకున్నవాడికి ఆఖరి వంతు. ఉన్నది ఒకటే కర్ర.

మొదటి ఏడాది మేమిద్దరమే కాబట్టి వంతుల గొడవ లేదు. తర్వాత వెల్డింగ్ సెక్షన్ నుంచి డేవిడ్ వచ్చి చేరాడు. కాకినాడ వైపువాడు, నా ఈడువాడే. వాడిని తీసుకొచ్చింది కూడా నేనే, నా బుద్ధి గడ్డి తిని. వాడికి సిగ్గూ ఎగ్గూ ఉండేవి కావు. హవల్దార్ గారు "యాడుండాది?" అనగానే "అదిగోనండీ, ఆ రాయి పక్కనండీ" అని ఎటో చూపించేవాడు. అక్కడ కప్ప కూడా ఉండేది కాదు. ఆయన పడీపడీ నవ్వి, "అది రాయి నీడరా నాయనా" అని కర్ర వాడి చేతికే ఇచ్చేవారు. నాకు చాలాసార్లు చేప కనిపించేది. కానీ తప్పైతే డేవిడ్ ముందు పరువు పోతుందని నోరు తెరిచేవాణ్ణి కాదు. వాడు తప్పు చెప్పి మురిపెం పొందేవాడు, నేను సరైంది మింగేసి చివర్న కూర్చునేవాణ్ణి.

నాకు కడుపు మండేది. దాచుకోవడం దేనికి. ఆయన రసూల్ చాచా చావు గురించి చెప్పింది డేవిడ్‌కి. భార్య జబ్బు గురించి చెప్పింది డేవిడ్‌కి. నాకు చెప్పినవి "మోచెయ్యి దించు", "తొందరపడాకు", "ముడి మళ్ళా కట్టు". వాడు కట్టిన ఈగ చూస్తే నలిగిన చీపురు పుల్లలా ఉండేది, దాన్ని ఆయన టోపీకి గుచ్చుకుని వర్క్‌షాపంతా తిరిగారు. నేను కట్టింది దీపం కింద తిప్పి చూసి "ఊ" అన్నారు. ఆ "ఊ" పట్టుకుని నేను వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మూడో ఏడు ఆయన ఫైనల్ ఎగ్జిట్ ఖాయమైంది. ఇక ఇంటికి పోయి భార్య దగ్గర ఉంటానన్నారు. ఓ సాయంత్రం టీ తాగుతూ, "కర్ర మటుకు ఈడనే ఇడిసిపోతా. దానికి కొండనీళ్ళు కావల్ల. మా పక్క యాడుండాయి?" అన్నారు. ఎవరికిస్తారో అనలేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఆ కర్ర ఎవరికి దక్కితే వాడే ఆయన శిష్యుడు. రెండోవాడు వెంట తిరిగినవాడు, అంతే. అది నాకు రాకపోతే మూడేళ్ళూ దండగే అనిపించింది.

చివరి శుక్రవారం ముగ్గురం వెళ్ళాం. నీళ్ళు తేటపడిన కాలం. ఎగువ గుండంలో మూరెడు చేప ఒకటి ఉండేది. ఏడాదిగా ముగ్గురికీ అది దొరకలేదు. పది నిమిషాలు కూర్చున్నాం. నాకు కనిపించింది. కుడివైపు రాతి చూరు కింద, నురగ వంపు తిరిగే చోట, నీడకీ ఎండకీ మధ్య గీతలో, తోక మాత్రం ఆడిస్తూ నిలబడి ఉంది. "యాడుండాది?" అన్నారు ఆయన. నేను మాట్లాడలేదు. డేవిడ్ గుండం నడుమ చూపించాడు. ఆయన నవ్వి కర్ర వాడికిచ్చి, "కుడికి రా. ఇంగ కొంచెం" అంటూ భుజం పట్టి వాణ్ణి సరిగ్గా ఆ చూరు వైపుకే తిప్పారు. అంటే ఆయనకీ తెలుసు. తెలిసి ఆ చేపని వాడికి పట్టించబోతున్నారు.

నేను లేచాను. మొహం కడుక్కుంటానని గొణిగి, చుట్టూ నడిచి ఆ చూరు మీదికెళ్ళాను. మడమతో గట్టిగా తొక్కాను. ఒక గులకరాయి జారి నీళ్ళలో పడింది. నల్లటి చార ఒకటి లోతుకి దూసుకుపోయింది. డేవిడ్‌కి ఏమీ తెలియదు, వాడు దారం విసురుతూనే ఉన్నాడు. నేను తలెత్తి చూస్తే హవల్దార్ గారి చూపు వాడి మీద లేదు, నా కాలి మీద ఉంది. దారి పొడుగునా పికప్‌లో డేవిడ్ ఒక్కడే మాట్లాడాడు.

రెండు రోజుల తర్వాత ఆయన కర్ర డేవిడ్‌కి ఇచ్చారు. నాకు చెయ్యి కలిపి, "బాగుండు" అన్నారు. అంతే.

తర్వాత నేను డేవిడ్‌తో పనికి తప్ప మాట్లాడలేదు. వాడు కర్ర గోడకి మేకులు కొట్టి పెట్టుకున్నాడు. వాదీకి ఒక్కసారి కూడా పోలేదు. ఆ గోడ వైపు చూస్తే నా ఒళ్ళు మండేది. నేను క్యాంపు వెనక పడున్న అల్యూమినియం గొట్టానికి దారం దూరే రింగులు బిగించి, ఎవరికీ చెప్పకుండా శుక్రవారాలు ఒంటరిగా వెళ్ళేవాణ్ణి. ఆ ఎగువ గుండంలో మూరెడు చేప నా చేతికి రెండుసార్లు దొరికింది, రెండుసార్లూ వదిలేశాను. చూడ్డానికి ఎవరూ లేరు.

కొన్నాళ్ళకి హవల్దార్ గారు పోయారని కబురొచ్చింది. ఆ కబురు కూడా డేవిడ్‌కే వచ్చింది. ఆ సాయంత్రం వాడి గదికి వెళ్ళాను. ఎన్నాళ్ళనుంచో నోట్లో నానుతున్న మాట అడిగేశాను. "ఆ కర్ర నాకియ్యరా. నీకెందుకది?"

డేవిడ్ లేచి మేకుల మీంచి కర్ర దించాడు. "తీసుకో. కానీ ఓ మాట చెప్పాలి. చెప్తే నువ్వు నా మొహం చూడవని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ రోజు నువ్వు రాయి మీద తొక్కి చేపని తోలేశావంట కదా. కర్ర ఇచ్చేటప్పుడు ఆయనే చెప్పారు."

నేను గుమ్మం వైపు తిరిగాను.

"తిట్టలేదులే" అన్నాడు డేవిడ్. "ఆ గుండం చుట్టూ అంత ఒడ్డుంటే, వాడి కాలు సరిగ్గా చేప నెత్తినే పడింది చూశావా అన్నారు. మూడేళ్ళబట్టి అడుగుతున్నా నోటితో చెప్పలేదు, మొన్న కాలితో చెప్పాడన్నారు. వాడికి నీళ్ళు చదవడం వచ్చేసింది, కర్ర లేకపోయినా పట్టేస్తాడు, నీకే రాలేదు, నువ్వుంచుకో అన్నారు."

కర్ర తీసుకోలేదు. తీసుకుంటే ఆ మాట అబద్ధమవుతుందని భయం. ఇప్పుడు విజయవాడలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. యంత్రం ఆగిపోయి, లోపం ఎక్కడుందని ఇంజనీరు గారు అడిగితే అందరికంటే ముందు వేలు చూపించేది నేనే. తప్పైతే కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నోరు మూసుకుని ఎంత పోగొట్టుకున్నానో వాళ్ళకి తెలియదు.

అసూయ పోయిందా అంటే పోలేదు. అది కర్ర మీద నుంచి లేచి వేరే చోట వాలింది. నన్ను గురించి ఆయన అన్న ఒకే ఒక మంచి మాట డేవిడ్ చెవిలో పడింది. నేను విన్నది వాడి గోదావరి యాసలో. ఆయన కడప మాటల్లో అది ఎలా ఉండేదో మనసులో ఎన్నోసార్లు అనుకుని చూశాను, కుదరలేదు. ఆ మాట అనేటప్పుడు ఆయన నవ్వారా, కోపంగా ఉన్నారా అని డేవిడ్‌ని ఆ రోజే అడిగాను. వాడు గుర్తులేదన్నాడు.

నేనైతే మరిచిపోయేవాణ్ణి కాదు.