మా రాజీ ఏడుపు పాట

మా రాజీ గొంతు మక్కచేనులో తయారైంది. గూడూరు పక్కన మా తండా, దాని వెనకే అడవి. పగలు చిలకలు, పొద్దుగూకితే అడవిపందులు. మిగతా పిల్లలు డబ్బా కొట్టి వాటిని తోలేవారు. రాజీకి డబ్బా అక్కర్లేదు. మంచె ఎక్కి నోరు తెరిచిందంటే చిలకలే కాదు, పక్క చేనులో కునుకు తీసే మగవాళ్లు కూడా లేచి కూర్చునేవారు.

నేను దాని నాయనమ్మను, ద్వాళిని. అది నన్ను దాదీ అంటుంది. నేను బడికి పోయింది ఉప్మా పెట్టిన రోజుల్లోనే. వాళ్లు ఉప్మా పెట్టడం ఆపేశారు, నేను పోవడం ఆపేశాను. రాజీ అట్లా కాదు. మానుకోటలో డిగ్రీ దాకా పోయింది. ఇంట్లో మా లంబాడీల గోర్ మాట, బజార్లో తెలంగాణ తెలుగు, క్లాసులో పుస్తకం తెలుగు. మూడు మాటల మధ్య తిరిగే పిల్ల నాలుక ఎప్పుడో ఒకప్పుడు ఒకటి అనబోయి ఇంకొకటి అంటుంది. ఒకరోజు క్లాసులో ఒక మేడం నవ్విందట, సినిమాలో పనిమనిషి మాట్లాడినట్టుంది నీ మాట అని.

"మేడం, గా సినిమ తీసినోల్లను జర మా తండాకు తోలుకరాండ్రి. మాట్లాడుడు నేర్పి పంపుత" అన్నది రాజీ.

ఆ పూట దాన్ని బయట నిలబెట్టారు. బయట నిలబడి కూడా పాడింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు కాలేజీలు మూసేశారు. రాజీ ఇంటికి వచ్చింది, వెంట ఇద్దరు మగపిల్లల్ని తెచ్చింది. తండా మొత్తం గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఒకడు సురేందర్, భూపాలపల్లి బొగ్గుగని కాలనీ వాడు. వాళ్ల నాన్న సమ్మెలో ఉన్నాడు. ఇంకొకడు భిక్షపతి, పాలకుర్తి దగ్గరివాడు, తాతల నాటి నుంచీ డప్పు వాయించే ఇల్లు. వాళ్లతో మేం తెలుగులోనే మాట్లాడాం. మాలో మేం మాట్లాడుకున్నది గోర్‌లో. మీకు తెలియాలి కదా, అదీ తెలుగులోనే చెబుతున్నాను.

సురేందర్ చేతిలో ఉన్నదాన్ని చూసి అడిగాను.

"ఏంది బిడ్డా గది, సొరకాయకు తీగెలు కట్టినవా?"

"గిటారు అవ్వా."

"పొద్దటిసంది దాని చెవులు తిప్పుతనే ఉన్నవు."

"శ్రుతి కలవాలె గద అవ్వా."

భిక్షపతి గడ్డి మంట మీద డప్పు కాచుకుంటున్నాడు. "నేను డప్పు కాసుడు అయిపాయె, వాయించుడు గూడ అయిపాయె. వీడు ఇంక చెవులకాన్నే ఉన్నడు" అన్నాడు.

ఆ గిటారుకు ఒక పెట్టె ఉంది. పెట్టెకు కరెంటు ఇచ్చి తీగ లాగితే, మొదటిరోజు మా మేకలు దడి దూకి అడవిలో పడ్డాయి. వాటిని వెతికి తెచ్చింది నేను. కానీ డప్పు దరువు మీద ఆ తీగల అరుపు, రెండింటి పైన రాజీ గొంతు లేచేసరికి, నేను మేకల సంగతి మరిచిపోయాను. వాళ్ల బ్యాండుకు కుంపటి అని పేరు పెట్టుకున్నారు.

గూడూరు చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు జరిగినప్పుడు మొదటిసారి పాడారు. అన్నం ఉడికే లోపల ఒక పాట అడిగారు, అన్నం మాడినా దిగనివ్వలేదు. తర్వాత పాలకుర్తిలో ధూంధాంకు, అంటే ఉద్యమ పాటల సభకు పిలిచారు, అక్కణ్నుంచి ఇంకో ఊరు. ముందు ట్రాక్టరు తొట్టే వాళ్ల స్టేజీ. తర్వాత గోడల మీద వాళ్ల బొమ్మలు అంటించారు. ఊరూరా పాటలు పాడేవాళ్లు చాలామందే ఉన్నారు ఆ రోజుల్లో. మావాళ్లను చూసినవాళ్లు మాత్రం, గిటారున్న ఆ లంబాడి పిల్ల ఎక్కడ పాడుతుందని అడిగి మరీ వచ్చేవారు.

ఒక పొద్దున రాజీ నా పక్కన కూర్చుంది.

"దాదీ, నాకు ఢావ్లో నేర్పు."

"ఎవడన్న దొరికిండా?"

"పెండ్లికి గాదు. పాటకు."

ఢావ్లో అంటే మా పెండ్లికూతురి ఏడుపు పాట. అత్తగారింటికి పోయే ముందు పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. ఈ గడపలో పెరిగాను, ఈ బావి నీళ్లు తాగాను, ఇప్పుడు నన్నెందుకు పొమ్మంటున్నారు అని అడుగుతుంది. ఎవరి మెడ పట్టుకుంటే వాళ్లు ఏడుస్తూనే జవాబు చెప్పాలి. పో బిడ్డా, పోయి అక్కడ పచ్చగా బతుకు అని. పాడటం రాని పెండ్లికూతురిని తండా ఏడాదంతా ఎక్కిరిస్తుంది.

నేర్పాను. రాజీ రాగం ఉంచుకుంది, మాట మార్చింది. ఈ గడప మాది, ఈ అడవి మాది, కింద ఉన్న బొగ్గు మాది, మమ్మల్ని పొమ్మనడానికి మీరెవరు, మేం పోం అని కట్టుకుంది. మొగుళ్లపల్లిలో పాడింది. భిక్షపతి డప్పు ఆపేశాడట, ఎప్పుడు ఆపాడో వాడికే తెలియదట. జనం ఏడ్చారు, తర్వాత లేచి నిలబడ్డారు. ఎవరో సెల్‌ఫోన్లో పట్టారు. రాజీ ఎక్కిన ఆటో తండాకు రాకముందే ఆ పాట తండాకు వచ్చింది.

హీర్యా మా తండా నాయక్, అంటే తండా పెద్ద. చెడ్డవాడు కాదు. ఉద్యమానికి జనాన్ని ట్రాక్టరు ఎక్కించి పంపింది అతనే. మరునాడు మా గురువు సేవాలాల్ జెండా దగ్గర అందరినీ కూర్చోబెట్టి, నన్ను యాడీ, అంటే అమ్మా, అని పిలిచి అడిగాడు.

"ద్వాళీ యాడీ, నువ్వు పెద్దదానివి. ఢావ్లో ఎప్పుడు పాడ్తరు?"

"పెండ్లిల."

"ఇంకెప్పుడు?"

"సచ్చినప్పుడు."

"పెండ్లిల అయితే ఒకరి మెడ పట్టుకుంటరు. పీనుగ కాడ అయితే ఒక్కతే కూసోని పాడ్తది, జవాబు చెప్పెటోల్లు ఉండరు. నీ మనుమరాలు మైకు పట్టుకొని ఒక్కతే ఏడ్సింది. మన తండల ఎవడు సచ్చిండని ఏడ్సింది?"

ముసలివాళ్లు తలలు ఊపారు. మా తండా పద్ధతి అదే, అందులో అబద్ధం లేదు. రాజీ చేతిలో మైకు ఉంది, మైకుకు మెడ లేదు. ఆ సంగతి సురేందర్‌కు గాని భిక్షపతికి గాని ఎట్లా తెలుస్తుంది?

"ఇంకోసారి గా పాట పాడితే బాల్‌సింగ్ గడప ఎవరు తొక్కరు" అన్నాడు హీర్యా. "పెండ్లికి రారు, పీనుగకు రారు. పనికి గూడ రారు."

బాల్‌సింగ్ నా కొడుకు, రాజీ తండ్రి. చెప్పు కొసతో మట్టి గీకుతూ కూర్చున్నాడు.

ఆ మాట చల్లారకముందే హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఎక్కడెక్కడి బ్యాండ్లూ వచ్చే పెద్ద పాటల పండగ. కుంపటిని పిలిచారు. అన్నిటికన్నా చివర ఆ ఏడుపు పాటే కావాలన్నారు.

సురేందర్ ముందే తగ్గాడు. "వద్దులే రాజీ. వేరే పాట అందుకుందాం. మేం ఆడికెల్లి మా ఇండ్లకు పోతం, నువ్వు గీ తండకే రావాలె."

"గీ పాట ఇడిసిపెడితే రేపు ఇంకోటి ఇడిసిపెట్టమంటరు" అన్నది రాజీ. "మా మాట బాగలేదని మేడం అన్నది. మా ఏడుపు బాగలేదని నాయక్ అంటుండు. ఇగ నేను ఏం పాడాలె?"

బాల్‌సింగ్ అప్పుడు నోరు తెరిచాడు. "బిడ్డా, రేపు నేను సస్తే మోసెటోల్లు ఉండద్దా?"

నేను అన్నాను, "డప్పోడున్నడు, గిటారోడున్నడు. ఇంకిద్దరిని దేవులాడుకుందాంరా. నువ్వయితే జర ఆగు."

వాడికి నవ్వు రాలేదు. నాకూ రాలేదు. ఇంటి మీద తండా కోపం అంటే ఏమిటో నేను ఎరుగుదును. కానీ హీర్యా మాట నేను తిరగేసి చూశాను. ఒక్కతే పాడితేనే కదా తప్పు.

"మెడ నేనిస్త, పద" అన్నాను రాజీతో.

హైదరాబాదులో స్టేజీ పక్కన మెడలో కార్డు వేలాడేసుకున్న పిల్లవాడొకడు నన్ను ఆపాడు.

"అమ్మా, చూసేవాళ్లు అటువైపు. ఇటు కళాకారులు మాత్రమే."

"నేను గూడ బ్యాండుల ఉన్న. రాస్కో."

"మీరేం వాయిస్తారు?"

"మెడ."

వాడు భిక్షపతి వంక చూశాడు. భిక్షపతి డప్పు భుజానికి తగిలించుకుంటూ, "మా అవ్వ లేకుంటే పాట లేదు బ్రదర్" అన్నాడు.

పైకి ఎక్కాను. ఎదురుగా చీకట్లో అన్నీ తలలే. నా పేటియా పావడాకు కుట్టిన అద్దాల మీద లైట్లు పడి వాళ్ల ముఖాల మీదికే ఎగిరాయి. సురేందర్ తీగ లాగాడు, భిక్షపతి దరువు అందుకున్నాడు. రాజీ మైకు కర్రను పక్కకు జరిపి నా మెడ పట్టుకుంది. నా చెవి పక్కనే పాడింది. మక్కచేనులో పందుల్ని తోలిన గొంతు అది, చెవి గింగిర్లెత్తింది. ఈ గడప మాది, ఈ అడవి మాది, మేం పోం.

ఇప్పుడు నేను జవాబు చెప్పాలి. మా అమ్మ నాకు చెప్పింది, నేను నా బిడ్డలకు చెప్పింది ఒకటే జవాబు, పో బిడ్డా అని. పోను అంటున్న పిల్లకు అది ఎట్లా చెబుతాను?

రాగం అదే పెట్టి అన్నాను. పోకు బిడ్డా. నీ గడపలో నువ్వుండు. పొమ్మన్నవాణ్ని నా ముందుకు తీసుకురా.

అక్కడున్న వాళ్లకు గోర్ మాట రాదు. అయినా మేం మెడలు విడిచాక, ఇంకోసారి అని ఎవరో అడిగారు. తర్వాత అందరూ అడిగారు. రెండోసారి నా గొంతు పోయింది, ఎందుకంటే ఈసారి నిజంగానే ఏడ్చాను.

మరునాటి పేపర్లో మా ఇద్దరి ఫోటో పడింది. ఏ పండగ జరిగినా కుంపటికి పిలుపు వచ్చేది. హీర్యా మా గుమ్మం బయటే నిలబడి తీర్పు చెప్పి పోయాడు.

"మెడ దొరికింది సరే. జవాబు పద్ధతిల లేదు యాడీ. పొమ్మనాలె, నువ్వు పోకు అన్నవు."

"పోయేదాన్ని పొమ్మంటరు. పోనన్నదాన్ని పొమ్మంటనా, నాకేమన్న పిచ్చా హీర్యా?"

తండా మా గడప తొక్కలేదు. ఆ ఏడు మిర్చి ఏరడానికి ఒక్కరూ రాలేదు. సురేందర్, భిక్షపతి వచ్చి చేనులో దిగారు. సురేందర్ మిరపకాయలు తెంపిన వేళ్లతోనే కళ్లు తుడుచుకుని, గెట్టు మీద కూర్చుని పొద్దంతా నీళ్లు కారుస్తూనే ఉన్నాడు. బాల్‌సింగ్ వాడి ముఖం మీద మజ్జిగ పోస్తూ, ఎన్నాళ్లకో నవ్వాడు. రాజీ పాట మానలేదు. నేను మెడ ఇవ్వడం మానలేదు. నాకు జ్వరం వస్తే ఏ ఊరు పోతే ఆ ఊరి ముసలమ్మ ఒకతి పైకి ఎక్కి మెడ ఇచ్చేది.

తెలంగాణ రాష్ట్రం వచ్చింది. తండాలో రంగులు చల్లుకున్నారు. హీర్యా బాల్‌సింగ్‌తో కబురు పంపాడు, కుంపటి వాళ్లను జెండా దగ్గర పాడమను, తీర్పు ఎత్తేస్తాను, ఆ ఒక్క పాట మాత్రం వద్దు అని.

"ఎత్తేస్తడట బిడ్డా" అన్నాడు బాల్‌సింగ్. వాడి ముఖంలో ఆశ ఉంది.

రాజీ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "బా, గా పాట పాడే గద ఇంత దూరం వచ్చినం. వచ్చినంక అది వద్దంటే ఎట్ల? జెండ కాడికి రాను. మన వాకిట్ల పాడ్త. ఇష్టమున్నోల్లు వస్తరు."

పొద్దు వంగేటప్పుడు మా వాకిట్లో పెట్టెలు పెట్టారు. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత రెండిళ్ల అవతలి ముసలామె వచ్చి మెడ ఇచ్చింది. దాని వెనక ఇంకొకతి వచ్చింది. అందరూ రాలేదు, అబద్ధం ఎందుకు, సగం మంది కూడా రాలేదు. హీర్యా తన ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాడని ఎవరో చెప్పారు.

పాట పెట్టెను ఆ తలుపు వైపు తిప్పమని సురేందర్‌కు చెప్పింది నేనే.