గోంగూర చివర్లోనే

ఆ ఏడు పోలేరమ్మ కొలుపులకు పొట్టేలు కూర నేనే వండుతానని పట్టుబట్టాను. అంతకుముందు కొలుపుల్లో జరిగింది నేను మరిచిపోలేదు. అప్పుడు కూర పొయ్యి మీద పెట్టి, చుట్టాలకు మంచినీళ్ళివ్వడానికి లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, గోంగూరంతా గుండిగలో కుమ్మరించేసింది. ముక్క మెత్తబడకముందే పులుపు తగిలితే ఇక ఎంతసేపు మంట పెట్టినా ఉడకదు. మా వైపు ఆడవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఆమెకూ తెలుసు. జనం వచ్చేస్తున్నారని తొందరపడింది.

పంక్తిలో మా బావగారు, అంటే ఆమె భర్త, ముక్క నమల్లేక తీసి విస్తరి అంచున పెట్టారు. "ఈ అమ్మాయి వంట తినాలంటే వేరే పళ్ళు కట్టించుకోవాల్రా" అన్నారు. పందిరంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా నన్ను ఉల్లిపాయలు తరగడానికే కూర్చోబెట్టేవారు.

ఈసారి బావగారు అద్దంకి వైపు నుంచి కొమ్ములు మెలి తిరిగిన పొట్టేలును తోలుకొచ్చారు. బాగా ముదురు సరుకని ఆయనే ఊరంతా తిరిగి చెప్పుకున్నారు. దాన్ని చూసి నాకు భయం వేయాలి. సంతోషమే కలిగింది. లేతదైతే ఎవరు వండినా ఉడుకుతుంది.

మిరపకాయలు గుంటూరు యార్డుకు వెళ్ళిపోయాక కల్లం ఖాళీగా ఉంది. పొద్దున్నే అక్కడే రాళ్ళ పొయ్యి పెట్టాను. పత్తి కట్టె భగ్గుమని మండి ఆరిపోతుందని తుమ్మ మొద్దులు తెప్పించాను. మాంసానికి ఉప్పూ కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, గుండిగలో వేసి, మూత చుట్టూ పిండి ముద్ద మెత్తి, పైన కూడా నిప్పులు పోశాను. పీట వేసుకుని పక్కనే కూర్చున్నాను. దాహమేసినా లేవలేదు.

అనుకున్నట్టే అక్క గోంగూర పళ్ళెంతో వచ్చింది.

"మూత తియ్యవే, వేసేద్దాం. చీరాల చుట్టాలు దిగారు."

"పళ్ళెం అక్కడ పెట్టక్కా. ఈ పిండి ఊడదీసేది నేనే."

ఆమె వెళ్ళి మా ఆయనకు చెప్పింది. నాకు నచ్చజెప్పడానికి ఆయన వస్తే, వచ్చారు కదా, ఇంకో మొద్దు ఎగదోయమన్నాను.

ఎండ నడినెత్తికి వచ్చాక మూత తీశాను. గరిటె తగలగానే ఎముక ఒక్కటే పైకొచ్చింది. మాంసం పత్తి విచ్చినట్టు పీచులు పీచులుగా విడిపోయింది. అరవబోయి ఆపుకున్నాను. అప్పుడు గోంగూరను నూనెలో మగ్గించి కలిపాను.

పంక్తిలో నేనే వడ్డించాను. బావగారు రెండో మారు వేయించుకుని, పొట్టేలు లేతది కాబట్టి కుదిరిందన్నారు.

"ముదురు సరుకని ఊరంతా చెప్పింది మీరే కదండీ, బావగారూ."

ఈసారి పందిరి నవ్వింది ఆయన్ని చూసి. ఆయన తల వంచుకుని తిన్నారు. నేను ఆనందంగా పక్క విస్తరిలో ఇంకో గరిటె వడ్డించాను.

గుండిగ తోముతుంటే అక్క పక్కన కూర్చుంది.

"గోంగూర ఎప్పుడేశావే?" అని మెల్లగా అడిగింది.

"చివర్లో అక్కా. ఎప్పుడైనా చివర్లోనే."

ఆమె తోమడానికి బూడిద అందించింది. పోయినసారి తప్పు తనదేనని పంక్తిలో అందరి ముందూ చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పటికీ చెప్పలేదు.