రెండో పొయ్యి

కోకాపేటలో మా ఆఫీసు కింద ఫుడ్‌కోర్టులో జొన్నరొట్టెలు కాలుస్తారు. ఆ వాసన లిఫ్టు దాకా వచ్చి తగిలితే, ఆకలి కన్నా ముందు నాకు కోపం వస్తుంది.

నార్సింగి ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో మా ఇంట్లో అమ్మా పెద్దమ్మా ఒకే పొయ్యి ముందు కూర్చుని, ఒకరు రొట్టె తడితే ఒకరు కాలుస్తూ, వానాకాలం తడికట్టెల పొగకు కళ్లు నలుపుకుంటూ వంట చేసేవాళ్లు. చిర్రగోనె ఆడి మట్టికాళ్లతో ఉరికొచ్చిన నేనూ, పెద్దమ్మ కూతురు రేణుకక్కా ఒకే తలెలో ఎల్లిపాయ కారంతో తింటుంటే, గడప దగ్గర నానమ్మ తమలపాకు నములుతూ "మెల్లగ తినుండ్రి, ఎవ్వలు గుంజుకపోరు" అనేది.

అప్పుడే మాదాపూర్ వైపు అద్దాల భవనాలు లేస్తున్నాయి. అక్కడొక క్యాంటీన్‌ను ఆడవాళ్ల సహకార సంఘానికే ఇస్తామన్నారు, అదీ రిజిస్టరైతేనే. ఒకరి కింద పని కాదు, అందరూ యజమానులే అని అమ్మ ప్రాణమంతా దానిమీదే పెట్టుకుంది. చట్టం ప్రకారం పదిమంది సభ్యులుండాలి, పదిమందీ వేర్వేరు కుటుంబాల వాళ్లు కావాలి. ఇల్లిల్లూ తిరిగితే అమ్మనూ పెద్దమ్మనూ కలుపుకుని సరిగ్గా పదిమంది అయ్యారు. సంఘాల రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా తలైనా ఎత్తకుండా "ఒక్క పొయ్యి మీద తినేటోళ్లు ఒక్క కుటుంబమే గదమ్మా. మీరిద్దరు ఒక్కరే లెక్క. పొయ్యిలు వేరైతే చెప్పుండ్రి, సారొచ్చి చూసి రాసుకుంటడు" అన్నాడట.

ఎర్రమట్టి తెచ్చి గొడ్ల కొట్టం మూల రెండో పొయ్యి వేసింది పెద్దమ్మే. "సారు చూసిపోయేదాకనే" అంది. పొయ్యి వేరైతే ఇల్లు వేరైనట్టేనని నానమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ సారు రాడే. ఇవాళ సెలవు, రేపు మీటింగు, ఆ తర్వాత సంఘం నియమావళిలో ఏదో తప్పు, మళ్లీ రాయించుకు రండి. ఎప్పుడు ఊడిపడతాడో తెలియక పెద్దమ్మ రోజూ అక్కడే వండేది, అక్కనూ నన్నూ చెరో చోట కూర్చోబెట్టేవాళ్లు. ఆ ఏడు బతుకమ్మకు సత్తుపిండి రెండు చోట్ల కలిపారు. అటునుంచి నెయ్యి వాసన ఎక్కువొస్తోందని అమ్మకు, తనను రుచి చూడమని పిలవలేదని పెద్దమ్మకు కినుక. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి సారు వచ్చి, రెండు పొయ్యిలూ చూసి, చాయ్ తాగి పోయాడు. సంఘం రిజిస్టరయ్యేసరికి క్యాంటీన్ ఎవరో కాంట్రాక్టరు చేతికి పోయింది.

"ఇగ ఆ పొయ్యి తీసేద్దామక్కా" అంది అమ్మ.

"ఉండనియ్ తీ, అలవాటైంది" అంది పెద్దమ్మ.

తర్వాత ఇంటి మధ్య గోడ లేచింది, అపార్ట్‌మెంట్ టవర్లు కట్టేవాళ్లు స్థలం అడగొచ్చినప్పుడు వాటాలు తేలాయి, ఇప్పుడు ఇల్లూ లేదు గోడా లేదు.

ఈ మధ్య మా కాలనీ ఆడవాళ్లం సహకార సంఘం పెడుతూ, పదో మనిషి తక్కువైతే, ఎన్నాళ్లకో రేణుకక్కకు ఫోన్ చేశాను. వచ్చి సంతకం పెట్టింది. రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరూ ఏమీ అడగలేదు. మేం వేర్వేరు కుటుంబాల వాళ్లం. అక్క ఇంట్లో ఆ పూట ఏం వండుకున్నారో కూడా నాకు తెలియదు.