సార్ బళ్లారిలో ఉండాడు

"సార్ పోయినాడన్నా" అని ఫోన్‌లో వినగానే నేనడిగిన మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "యాడికి? బళ్లారికా?" అన్నాను. "లేదన్నా. నిజంగానే పోయినాడు."

ఫోన్ చేసింది సార్ పక్కింటతను. కువైట్‌లో ఏసీలు బాగుచేసి తిరిగొచ్చిన మనిషి. ఆ కబురు అతని నోటి నుంచే రావడం కూడా నాకు గిట్టలేదు. చావు దగ్గర అసూయేమిటని మీరనవచ్చు. అనండి. ఈ నాలుగు మాటలూ అసూయతోనే రాస్తున్నాను.

ఆయన జమ్మలమడుగు మిషన్ బడిలో మాకు భూగోళం చెప్పిన సార్. పులివెందుల దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో పడ్డ నాకు ఎదురు ప్రశ్న వేయడం నేర్పింది ఆయనే. తప్పు ప్రశ్న అడిగినా కూర్చోమనేవాడు కాదు. "నిలబడే ఇంకోటి అడుగు" అనేవాడు. ముప్పై ఏళ్లుగా సభల్లో, పత్రికల్లో నేను పడుతున్న పోట్లాటలన్నీ అక్కడ నిలబడి నేర్చుకున్నవే. అందుకే ఆయన నా ఒక్కడి సొత్తనుకున్నాను.

రిటైరయ్యాక ఆయన కంప్యూటర్‌లో విమానాలు నడపడం మొదలుపెట్టాడు. పిల్లల ఆట కాదు. చరిత్రలో ఎవరో చేసిన దూరప్రయాణాన్ని అదే దారిలో, అదే రకం విమానంతో, గంటకు గంట మళ్లీ చేయడం. ఒంటరిగా అట్లాంటిక్ దాటినాయనకు ముప్పై మూడు గంటలు పడితే, విడతలు విడతలుగానైనా ఈయనా అన్ని గంటలూ కూర్చున్నాడు. అన్నిటికన్నా ఇష్టం మాత్రం కరాచీ నుంచి తపాలా సంచులు తెచ్చిన తొలి విమానం దారి. అహ్మదాబాదు, బొంబాయి, బళ్లారి, మద్రాసు.

ఒక ఆదివారం ప్రొద్దుటూరులో బస్సెక్కి ఆయన్ను చూడబోయాను. సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. ఆమె గుమ్మంలోనే ఆపింది. "మీ సార్ బళ్లారిలో ఉండాడప్పా. మద్రాసు చేరేదానికి రెండున్నర గంట పైనే పడతాది." నమ్మి వెనక్కి వచ్చేశాను. ఆయన లోపలి గదిలోనే ఉన్నాడనీ, పక్క కుర్చీలో కువైట్ మనిషి ఒళ్లో దారి పటం పెట్టుకుని కూర్చున్నాడనీ తర్వాత తెలిసింది. అమ్మ అబద్ధమాడలేదు. విమానం నడుస్తున్నంతసేపూ ఆ ఇంట్లో సార్ ఊర్లో లేనట్టే.

నాకు మండింది. పత్రికకు వ్యాసం రాశాను. చెరువులెండిన సీమలో కుర్చీలో కూర్చుని ఆకాశంలో తిరగడం మధ్యతరగతి పలాయనం కాక ఏమిటన్నాను. ఆ తపాలా విమానం కర్నూలు మీదుగా మన నెత్తిన పోయిందే గాని మనకొక్క ఉత్తరం పడేయలేదన్నాను. వారానికి ఆ పేజీ పోస్టులో తిరిగొచ్చింది. కర్నూలు చుట్టూ ఎర్రసిరా సున్నా. పక్కన ఆయన చేతిరాత: "వాదన నీ ఇష్టం. దారి తప్పు. బళ్లారికీ మద్రాసుకూ గీత గీయి."

గీశాను. గీత పులివెందుల పక్కనుంచే పోయింది.

మర్నాడే వెళ్లాను. "ఈసారి నన్ను కూర్చోబెట్టుకోండి సార్. మా ఊరి మీద పోయేటప్పుడు నేనుండాల."

"నీకు కష్టంరా. ఆడ మాట్లాడగూడదు."

"మాట్లాడను సార్."

"ఇప్పుడు చేస్తాండేదేందిరా?"

అక్కడే ఉన్న పక్కింటతనూ నవ్వాడు. ఆ నవ్వును ఇంకా క్షమించలేదు. అయినా ఊరుకోక, పైనుంచి పోయినవాళ్లతో మనకేం పని అని వాదన పెట్టుకున్నాను.

"పోయేటోడు కిందికి చూసింటాడు గదరా" అన్నాడు సార్. "మన నేల ఆయప్పకు ఎట్ల కనపడింటాదో నేను చూడొద్దా?"

నోరు కట్టుకోగలిగిన రోజు రమ్మన్నాడు. సభలున్నాయనీ వ్యాసాలున్నాయనీ నేనే పోలేదు.

సమాధుల తోట నుంచి సార్ ఇంటికొచ్చాక పక్కింటతను నా పక్కన నిలబడ్డాడు. "పోయిన ఆదివారం విమానం బళ్లారిలో దించినామన్నా. ఆడనే ఉండాది." అమ్మ విన్నది. "చేర్చండప్పా. తపాలా దారిలో ఆగగూడదంటాడు మీ సార్" అంది.

అతను సార్ కుర్చీలో కూర్చున్నాడు. కనీసం నా వంక చూడనైనా లేదు. పటం నా ఒళ్లోకి వచ్చింది. "గట్టిగా పట్టగూడదన్నా, కోడిపిల్లను పట్టుకున్నట్ల పట్టుకోవాల. సార్ చెప్పినాడు" అంటూ విమానం నడిపే స్టిక్ మీద వేళ్లు ఆనించాడు. నాకెప్పుడూ చెప్పని మాట ఇంకొకటి.

గంట సేపు నోరు తెరవలేదు. కింద ఎర్రనేల, ఎండిన వాగులు, నల్లగుట్టలు. అతను ఎడమవైపు గడ్డంతో చూపించాడు. "అదో అన్నా, మీ పులివెందుల."

వంగి కిందికి చూశాను.

ముందుగదిలో చెప్పులు విడిచిన చప్పుడైంది. పరామర్శకు వచ్చినవాళ్లెవరో మా కోసం అడుగుతున్నారు. అమ్మ గొంతు వినపడింది.

"ఇద్దరూ ఊర్లో లేరమ్మా. పులివెందుల మీద ఉండారు. కూసో, వచ్చేస్తారు."