ఆయన ఎడమ పక్క

మొన్న మనవరాలు బలవంతాన కంటి ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడ తెల్లకోటు అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కుడికన్ను అరచేత్తో మూసుకుని ఎదురుగోడ మీద వెలుగుతున్న అక్షరాలు పైనుంచి చదవమంది. నా ఎడమకంటికి అక్కడ గోడ ఉన్నట్టు తెలుస్తోందే గాని అక్షరాలు ఎక్కడివి? అయినా నోరు దానంతట అదే తెరుచుకుని ఇ, ఎఫ్ పి, టి ఓ జెడ్ అని గడగడా అప్పజెప్పేసింది. ఆ అమ్మాయి నా వంక అదోలా చూసి, "అమ్మమ్మా, చూసి చెబుతున్నావా, కంఠతా పట్టుకొచ్చావా?" అంది. నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. మూడో తరగతిలో బడి మానేసిన దాన్ని, నాకు వచ్చిన ఇంగ్లీషల్లా ఆ ఆరు అక్షరాలే. అవి నాకు నేర్పానన్న సంగతి నేర్పినాయనకే తెలియదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల్లో మా వైపు కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తే ఊరు ఊరంతా తుమ్ముతూనే పనులు చేసుకునేది. అట్లాంటి రోజుల్లోనే మా ఆయన మిలిటరీ నౌకరీ ముగించుకుని ఇనప ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చాడు. అక్కడ బాక్సింగు నేర్చాడట, కప్పులు కూడా గెలిచాడట. మా ఊళ్ళో కర్రసాము తెలుసు, కోడిపందెం తెలుసు గాని, ఇద్దరు మగాళ్ళు చేతులకు దిళ్ళు కట్టుకుని గుద్దుకోవడమేమిటో ఎవరికీ అంతుపట్టక ఆయనకు గుద్దుల మిలిటరీ అని పేరు పెట్టారు. అంతటి మనిషీ ఇంట్లో మెత్తన. ఆడపిల్లలిద్దరికీ తనే జడలు వేసేవాడు, కాకపోతే బూటు లేసులు బిగించినట్టు బిగించేవాడు, బడికి పోయిందాకా పిల్లల కనుబొమలు పైకి లేచే ఉండేవి.

వచ్చిన ఏడాదే చీరాలలో ఎవరో పోటీ పెట్టారంటే పోయి, ఎడమ కనుబొమ మీద దెబ్బ తిని వచ్చాడు. వారం రోజులు ఆ కన్ను తెరవలేదు. ఇంకో దెబ్బ పడితే చూపు దక్కదని డాక్టరు అన్నాక నేను ఊరుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి ముందు బైబిలు మీద చెయ్యి పెట్టించి, ఇక బాక్సింగు జోలికి పోనని మాట తీసుకున్నాను.

ఆ తర్వాత మూడేళ్ళకు, ఊరి చివర కొత్తగా కట్టిన పత్తిమిల్లులో మిలిటరీలో చేసినవాళ్ళనే వాచ్‌మన్లుగా తీసుకుంటారని తెలిసి ఈయన పేరు ఇచ్చి వచ్చాడు. ఆ ఉద్యోగం వస్తే పెద్దదాన్ని హైస్కూలు మాన్పించి నాతో కల్లానికి తీసుకుపోయే బాధ తప్పుతుంది. సరిగ్గా అప్పుడే నా పెట్టెలోంచి మా అమ్మ పెట్టిన నేతచీర మాయమైంది. వారం తిరక్కుండా ఇంకోటి. ఇంటికి దొంగలు వస్తే ఇత్తడి బిందె వదిలేసి పాతచీరలు పట్టుకుపోతారా?

తెలియనిదాన్ని, ఆ మాట తోటికోడలి దగ్గర అన్నాను. "మగోడి చేతిలో మాయమైన చీర ఇంకోదాని ఒంటి మీద కనపడుద్దిలే అక్కా, కళ్ళు తెరిచి చూసుకో," అంది అది, చేటలో బియ్యం చెరుగుతూ, అదేదో కూర ధర చెప్పినంత తేలిగ్గా. ఆ ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, దేవుడు నన్ను క్షమించాలి, నేను మాత్రం తలెత్తి ఆడవాళ్ళ వరసలో ఒక్కొక్క చీర అంచూ వెతికాను.

చీర దొరకలేదు గాని అనుమానానికి మేత దొరుకుతూనే ఉంది. రోజూ మధ్యాహ్నం తువ్వాలు భుజాన వేసుకుని పోయేవాడు, పొద్దు వాలేసరికి కళ్ళు రెండూ చింతనిప్పుల్లా చేసుకుని వచ్చేవాడు. తాగుతున్నాడేమోనని అన్నం వడ్డించే మిషతో దగ్గరికి పోయి వాసన చూశాను, ఏమీ లేదు. ఇదేమిటయ్యా అంటే కల్లాల పక్కనుంచి వచ్చాను, ఘాటు అన్నాడు. పొద్దస్తమానం ఆ కల్లంలోనే కూర్చుని తాలుకాయలు ఏరే నాకు ఎక్కని ఘాటు, పక్కనుంచి నడిచొచ్చినాయనకు ఎక్కిందట!

ఇది చాలదన్నట్టు పెద్దది ఒకరోజు, "అమ్మా, నాన్నకు ఏబీసీడీలు వరసగా రావే," అని నవ్వింది. నేనూ గమనిస్తూనే ఉన్నాను. గడ్డం గీసుకుంటూ, చెప్పులు తొడుక్కుంటూ, జపం చేసినట్టు అవే ఆరు అక్షరాలు గొణిగేవాడు. నాకది ఎవరి పేరో అనిపించింది. విని విని నాకూ నోటికొచ్చేశాయి.

ఇక ఆగలేక ఒక మధ్యాహ్నం తలనొప్పని మేస్త్రీకి చెప్పి కల్లం నుంచి లేచి, ఆయన వెనకాలే నడిచాను. ఒకప్పుడు పత్తిగింజలు తీసి ఇప్పుడు మూతపడిన పాత జిన్నింగు మిల్లు రేకుల షెడ్డులోకి దూరాడు. ఇంకెవరైనా వస్తారేమోనని కాసేపు తుమ్మచెట్టు చాటున నిలబడ్డాను. ఎవరూ రాలేదు. లోపల దబ్బు దబ్బుమని చప్పుడు. రేకు సందులోంచి చూస్తే దూలానికి పత్తిగింజలు కూరిన గోతాం వేలాడుతోంది, ఈయన దాన్ని గుద్దుతున్నాడు. పిడికిళ్ళకు చుట్టుకున్నవి నా చీర పీలికలు. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. తలుపు తోసుకుని పోబోతున్నదాన్ని, ఆయన మొహం ఇటు తిప్పేసరికి ఆగిపోయాను.

మంచిదైన కుడికన్నుకు నా చీర అంచుతో గంత కట్టుకున్నాడు. ఎడమకన్ను ఒక్కటే తెరిచి ఉంది. గోతాం ఊగుతూ వస్తుంటే గుద్దు గాలికి పోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ గాలికే. ఈసారి గోతామే వచ్చి ఆయన్ని భుజం మీద కొట్టింది. దాన్ని రెండు చేతులా వాటేసుకుని కాసేపు నిలబడి, తర్వాత గోడవైపు తిరిగాడు. మిలిటరీలో ఏటేటా కళ్ళ పరీక్షకు చూపిస్తారని ఆయన ఒకప్పుడు చెప్పినట్టే, గోడ మీద బొగ్గుతో పెద్దవీ చిన్నవీ అక్షరాలు రాసుకున్నాడు. రోజూ గొణిగే ఆ ఆరూ దూరం నుంచి అప్పజెప్పాడు, దగ్గరికిపోయి వేలితో తడుముతూ సరిచూసుకున్నాడు. ఉద్యోగం ఇచ్చేముందు మిల్లువాళ్ళు కళ్ళ పరీక్షకు డాక్టరు దగ్గరికి పంపుతారని అప్పుడు గుర్తొచ్చింది. చీరాల దెబ్బకు ఆ కన్ను అప్పటినుంచీ పోతూ వచ్చిందని, ఇంకా ఎంత చూపు మిగిలిందో రోజూ తెలుసుకోవడానికే ఇక్కడికి వస్తున్నాడని నాకు అర్థమైంది. ఇక ఆ గోతాం మిరపకాయలు మోసిందే, కనీసం దులపనైనా లేదు, గుద్దినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచి కళ్ళల్లో పడుతోంది. ఊళ్ళో ఏ ఆడదాన్ని అడిగినా వద్దని చెప్పేది. ఎవరినీ అడగలేని పని కదా.

చప్పుడు చెయ్యకుండా ఇంటికొచ్చి, ఒక గోతాం నాలుగు నీళ్ళలో జాడించి ఆరేసి, మడతపెట్టి ఆయన ట్రంకుపెట్టె మీద పెట్టాను. రాగానే చూసి, "ఇదెక్కడిదే?" అన్నాడు.

"దొరికింది."

"ఎక్కడ దొరికింది?"

"గోతాలకు కరువా ఈ ఊళ్ళో? అన్నం తిందువుగాని రా."

కంచం ముందు కూర్చుని నా వంక చాలాసేపు చూశాడు. ఆనాటినుంచి అనుమానం ఆయన వంతైంది.

డాక్టరు దగ్గర ఆరు అక్షరాలూ అప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాడు. పెద్దది హైస్కూలు మానలేదు. నాకు మాత్రం స్థిమితం లేదు. పత్తిమిల్లంటే అంటుకోవడానికి ఒక్క బీడీముక్క చాలు, అది ఆయన ఎడమవైపు పడితే? సాయంత్రం క్యారేజీ తీసుకుపోయే వంకతో పత్తి బేళ్ళ చుట్టూ ఒక చుట్టు తిరిగి, అంతా చూసుకుని గాని ఇంటికి వచ్చేదాన్ని కాదు. రోడ్డు మీద నడిచినా, రైలెక్కినా, చర్చికి పోయినా ఆయనకు ఎడమ పక్కనే ఉండేదాన్ని. ఇటు రావే అని ఒక్కసారీ అనలేదు. తెలిసే అనలేదో, తెలియకో, పోయేదాకా ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పటి పిల్లలు తలనొప్పి వచ్చినా ఫోనులో ఫొటో తీసి ఒకరికొకరు పంపుకుంటున్నారు. మంచిదే. మా రోజుల్లో మొగుడి కన్ను పోయిందని తెలుసుకోవడానికి పెళ్ళాం రేకు సందులోంచి చూడాల్సి వచ్చింది. దానివల్ల ఎంత నరకం పడ్డానో నాకు తెలుసు, మళ్ళీ అంత శ్రద్ధగా ఇంకొక మనిషిని ఎన్నడూ చూడలేదనీ తెలుసు.

ఆసుపత్రి నుంచి వస్తుంటే మనవరాలు, "అమ్మమ్మా, రోడ్డంతా ఖాళీగా ఉంటే కాలవ అంచున నడుస్తావేంటే, ఇటు జరుగు," అని కసిరింది. జరగలేదు. నా కుడి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఉంచుకునే ఇంటిదాకా నడిచాను.